యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైన్ ఇంటి ముందే ఉంది, కలుపుకోమంటే ఎవరూ కదలడం లేదు

హైదరాబాద్ శివార్లలో మా కాలనీ, 64 ఇళ్లు. యూజీడీ మెయిన్ లైన్ వేసి 14 నెలలైంది. ఇప్పటికి కలుపుకున్నది 19 మందే. మిగతా సెప్టిక్ ట్యాంకుల్లో చాలావాటికి సోక్ పిట్ (నీళ్లు నేలలోకి ఇంకే గుంత) లేదు, ఓవర్‌ఫ్లో పైపు నేరుగా వాన కాలువలోకే. అక్కడి నుంచి చెరువు, చెరువు నిండితే మూసీ. పొద్దున 7 గంటలకు కల్వర్టు దగ్గర నిలబడితే నల్లటి నీళ్లు, పైన సబ్బు నురగ.

వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాం, దండాలు పెట్టే ఎమోజీలు వచ్చాయి. రెండు మీటింగులు పెట్టాం. ప్లంబర్‌తో అందరికీ కలిపి మాట్లాడితే ఇంటికి 22 వేల నుంచి 16 వేలకు దిగాడు, నలుగురు ముందుకొచ్చారు (ఆ 19 మందిలో వీళ్లూ ఉన్నారు).

అసలు చిక్కు డబ్బు కాదనిపిస్తోంది. బాత్రూములు ఇంటి వెనక, మ్యాన్‌హోల్ ముందు రోడ్డు మీద. నాలుగంగుళాల పైపుకు 60 అడుగులకు ఒక అడుగు వాలు కావాలి. అంటే పక్క సందులో టైల్స్ పగలగొట్టాల్సిందే. ‘మా ట్యాంకు బాగానే ఉంది కదండీ’ అంటున్నారు. నోటీసులు ఇప్పిద్దామంటే రోజూ మొహాలు చూసుకునేవాళ్లం, మనసొప్పడం లేదు.

ఇలా టైల్స్ దగ్గర ఆగిపోయిన ఓనర్లను మీ కాలనీలో ఎలా ఒప్పించారు?