డెంగీ తగ్గి మూడు నెలలైంది, ఉద్దెర బుక్కులో గీతలు వంకరగా కనిపిస్తున్నాయి

ములుగురోడ్డు కిరాణం:
నమస్తే. హన్మకొండలో మాది చిన్న కిరాణం. అక్టోబర్‌లో డెంగీ వచ్చింది, అదీ రక్తం కారే రకం. చిగుళ్ల నుంచి రక్తం, ప్లేట్‌లెట్లు 18 వేలు. ఆరు రోజులు హాస్పిటల్‌లో ఉన్నాను. "కౌంట్ లక్ష దాటింది, ఇంకేం లేదమ్మా" అని పంపించారు. ఏం లేకపోతే ఇట్లెందుకున్నాను? దువ్వెన పెడితే గుప్పెడు వెంట్రుకలు వస్తున్నాయి. పది కిలోల బియ్యం సంచి జరిపితే అరగంట కూర్చోవాలి.

సరే, అవన్నీ ఓర్చుకుంటాను. ఉద్దెర బుక్కుతోనే నా బాధ. రూళ్ల గీతలు మధ్యలో వంగినట్టు, అక్కడున్న అంకె మాయమైనట్టు ఉంటుంది. రెండు కళ్లకూ ఉంది, ఎడమకు ఎక్కువ. మొన్న ఒకాయన బాకీ 500 ఉంటే 50 అని చదివి అంతే తీసుకున్నాను. అద్దాల షాపులో ప్లస్ వన్ ఇచ్చారు, ఏం మారలేదు. మా అత్తమ్మ "పానంల సత్తువ లేదు, కోడికూర తిను" అంటుంది. ఇది డెంగీ వల్లేనా?

పోచమ్మమైదాన్ తమ్ముడు:
అక్కా, జుట్టు గురించి టెన్షన్ వద్దు. మా చెల్లెకూ జ్వరం తగ్గిన రెండు నెలలకు ఊడింది, మళ్లీ వచ్చింది. బొప్పాయి ఆకు రసం తాగు, కళ్లు కూడా సెట్ అవుతాయి.

కరీంనగర్ ల్యాబ్:
తమ్ముడూ, కంటికి ఆకు రసమా! అమ్మా, నేను లైబీరియా రాజధాని మన్రోవియాలో రెండేళ్లు ల్యాబ్‌లో పనిచేశాను. 2014–16లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా, అదీ రక్తం కారే వైరస్ జ్వరమే, 28 వేల మందికి పైగా సోకింది, 11 వేల మందికి పైగా పోయారు. బతికినవాళ్లు కీళ్ల నొప్పులు, మతిమరుపు, కళ్ల బాధలతో తిరుగుతుండేవాళ్లు. లైబీరియాలో చేసిన పరీక్షల వివరాలు 2019లో వచ్చాయి: బయటపడ్డవాళ్లలో నూటికి 26 మందికి కంటి లోపల వాపు, వాళ్ల దగ్గర మెలిగినా ఎబోలా సోకనివాళ్లలో 12 మందికే. ఎబోలా నుంచి బయటపడ్డ ఒక అమెరికన్ డాక్టర్‌కైతే రక్తంలో పోయిన వైరస్ కంటి లోపలి ద్రవంలో దొరికింది, నీలి కన్ను ఆకుపచ్చగా మారింది. అక్కడే వచ్చే ఇంకో వైరస్ జ్వరం, లాసా, కొందరికి వినికిడి పోగొడుతుంది.

భయపడకండి, డెంగీ అంత మొండిది కాదు. కానీ ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోజుల్లోనే రెటీనా, అంటే కంటి వెనక చూపు పొర, దాని మధ్యభాగం వాచే అవకాశముంది. గీతలు వంగడం, మధ్యలో మచ్చ దానివే కావచ్చు. చాలామందికి తగ్గుతుంది, కొందరికి మచ్చ నెలల తరబడి ఉంటుంది. ఒక కన్ను మూసి అదే బుక్కు గీత చూడండి, ఇంకోటి మూసి చూడండి. అద్దాల షాపుకు కాదు, రెటీనా డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఆ పొరను చూపించే ఓసీటీ స్కాన్ చేస్తారు. డెంగీ రిపోర్టులు తీసుకెళ్లడం మర్చిపోవద్దు.

ములుగురోడ్డు కిరాణం:
అన్నా, వెళ్లొచ్చాను. మీరన్నదే. వాపు చాలావరకు పోయిందట, మచ్చ మిగిలింది, ఆరు వారాలకు మళ్లీ రమ్మన్నారు. అప్పటిదాకా బుక్కు మా పాప రాస్తుంది. ఆ 450 అడిగితే మాత్రం ఆయన "నువ్వే యాభై అన్నావు కదమ్మా" అంటున్నాడు.