పాల కేంద్రం యాప్‌లో ‘ఫ్యాట్’ అనాలా, ‘వెన్న శాతం’ అనాలా?

చిక్కటి_మజ్జిగ:
మా ఊరి పాల కేంద్రానికి చిన్న యాప్ చేస్తున్నాను. రైతు పూటపూటకీ పోసిన పాలు ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ ఎంత, డబ్బులు ఎంత. ఇంతే. నేను ‘ఫ్యాట్’ అని పెడితే మా సెక్రటరీ గారు ఒప్పుకోవడం లేదు. ‘తెలుగు యాప్ అన్నావు కదా, వెన్న శాతం అని రాయి. ఎస్ఎన్ఎఫ్‌ని వెన్న కాని ఘనపదార్థాలు అను’ అంటున్నారు. ఆ మాట గడిలో కాదు, ఫోన్‌లోనే పట్టేలా లేదు. మీరేమంటారు?

గట్టుమీది_చెట్టు:
సెక్రటరీ గారిది పేపరు తెలుగు. క్యాను దించిన మనిషి ‘ఇవాళ ఫ్యాట్ తగ్గిందేంటి?’ అనే అడుగుతాడు. ఇంకో మాట. కేంద్రంలో మిషన్ ఇచ్చే చీటీ మీద ఏ వరసలో అంకెలుంటాయో యాప్‌లోనూ అదే వరస పెట్టు అన్నా. చదవడం రానివాళ్లు కూడా మూడోది ఎస్ఎన్ఎఫ్, చివరిది డబ్బులు అని చోటును బట్టే గుర్తుపడతారు. అందం కోసం డబ్బులు పైకెక్కించావో, అంతా గల్లంతే.

అచ్చతెనుగు_పిల్ల:
ఫ్యాట్ వరకు సరే. మా అమ్మ కూడా పాలు పోస్తుంది, ఆ మాట తనకి తెలుసు. కానీ అదే సాకుతో ‘రిఫ్రెష్’, ‘సబ్మిట్’, ‘లాగౌట్’ కూడా దింపేస్తారు. లిపి తెలుగైనంత మాత్రాన మాట తెలుగైపోతుందా? పాత యాప్‌లో ‘రిఫ్రెష్’ నొక్కితే లెక్కలు పోతాయేమోనని భయపడి అమ్మ ఫోన్ నా చేతికిచ్చేది. ‘మళ్లీ చూపించు’ అని రాస్తే ఆ భయం ఉండేది కాదు. ఖాతా, జమ, బాకీ ఎవరికి తెలియవు?

ఒత్తు_బాధితుడు:
మీరు మాటల దగ్గరే ఆగిపోయారు. ఆ మాట తెర మీద పూర్తిగా కనబడాలి కదా! ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసుకుని బటన్ గీస్తారు. మన ఒత్తులు కిందికి వేలాడతాయి. మా ఆఫీసులో చేసిన ఒక యాప్‌లో ‘మొత్తం’ కాస్తా ‘మొతం’ అయింది, కింది త తెగిపోయి. పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటారు, ఆండ్రాయిడ్ 14లో అయితే 200 శాతం దాకా. అక్కడ పెట్టి చూడండి. బటన్ కనీసం ఎంత పెద్దగా ఉండాలంటే గూగుల్ 48 డీపీ అంటుంది, ఆపిల్ 44 పాయింట్లు అంటుంది (రెండూ తెర మీది కొలతలే). పాలు పితికిన తడిచేతికి నేనైతే ఇంకాస్త ఎక్కువే ఇస్తాను.

ఐఫోన్‌లోనూ చూడండి. సిటీలో ఉన్న కొడుకు ఇంటి లెక్క చూసేది దాంట్లోనే. దానికి కింద బ్యాక్ బటన్ ఉండదు, తెరమీదే వెనక్కి దారి చూపాలి. అన్నట్టు, 2018 ఫిబ్రవరి గుర్తుందా? మధ్యలో కనబడని గుర్తొకటి చేరిన ‘జ్ఞా’ మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. 11.2.6 అప్‌డేట్‌తో గానీ కుదుటపడలేదు. ఆపిల్ అంతటిదానికే మన అక్షరం చుక్కలు చూపించింది.

గట్టుమీది_చెట్టు:
అంకెలు కూడా తెలుగులో వేద్దామంటారేమో సెక్రటరీ గారు. ౬.౮ చూసి ఫ్యాట్ ఎంతో చెప్పేవాళ్లు మీ ఊళ్లో ఎందరు?

అచ్చతెనుగు_పిల్ల:
వెటకారం వద్దు. అంకెల మాట ఎవరూ ఎత్తలేదు.

చిక్కటి_మజ్జిగ:
నా తప్పొకటి చెప్పాలి. తప్పుగా ఎక్కిన పద్దు తీసేసేటప్పుడు ‘ఈ పద్దు రద్దు చేయాలా?’ అని అడిగి, కింద ‘రద్దు’, ‘సరే’ అని రెండు బటన్లు పెట్టాను. రద్దు నొక్కితే పద్దు రద్దవుతుందా, ఆ అడగడమే రద్దవుతుందా? రాసిన నాకే అర్థం కాలేదు. ఇప్పుడు ‘తీసేయండి’, ‘ఉంచండి’ అని మార్చాను. దీనికి శుద్ధ తెలుగూ అక్కర్లేదు, ఇంగ్లీషూ అక్కర్లేదు.

ఇక సెక్రటరీ గారి మాట ప్రకారం ‘వెన్న శాతం’ అని పెట్టి, నిన్న సాయంత్రం పాలు పోయడానికొచ్చిన ఒక పెద్దామెకి ఫోన్ ఇచ్చాను. పట్టిపట్టి చదివి, ‘మా పాలల్లోంచి వెన్న తీసుకుంటున్నారా ఏంటయ్యా?’ అంది. సెక్రటరీ గారు కూడా నవ్వేశారు. ఫ్యాట్‌కి ఒప్పుకున్నారు. ‘వినియోగదారు’ అన్న మాట మాత్రం తీయనివ్వడం లేదు.

అచ్చతెనుగు_పిల్ల:
మీరడిగింది ఒక్కరినేగా? పొద్దున పూట ఇంకో పదిమందికి ఇచ్చి చూడండి. ఆ ‘వినియోగదారు’ తీసి ‘రైతు పేరు’ అని కూడా పెట్టి చూడండి.