ఎక్మోపై ఉన్న రోగికి మెదడు ఆపరేషన్ చేస్తే, హెపారిన్ లేకుండా యంత్రం నడుస్తుందా?

ప్రశ్న:
మా తమ్ముడికి బైకు ప్రమాదంలో ఛాతీకి, తలకు దెబ్బలు తగిలాయి. ఊపిరితిత్తులు బాగా దెబ్బతినడంతో వెంటిలేటర్ సరిపోక ఎక్మో (రక్తాన్ని ఒంటి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం) పెట్టారు. నాలుగో రోజున ఒక కంటిపాప పెద్దదైంది. వెంటనే సీటీ స్కాన్ తీస్తే, పుర్రె లోపల నెత్తురు గడ్డ పెరిగి మెదడును నొక్కుతున్నదని తేలింది. పుర్రె తెరిచి గడ్డను తీయాలని, అందుకోసం రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందును ఆపేశామని డాక్టర్లు చెప్పారు. ఆ మందు ఆపితే యంత్రంలోనే రక్తం గడ్డకట్టదా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (ఐసీయూ వైద్యుడిని):
అన్నయ్యగా మీ ఆందోళన నాకు అర్థమవుతోంది. తలలో రక్తస్రావం ఉంటే ఎక్మో పెట్టనే కూడదని ఒకప్పుడు అనేవారు, ఇప్పుడు అంత కఠినంగా అనడం లేదు. ఊపిరితిత్తుల కోసం పెట్టే ఎక్మోలో రక్తాన్ని సిర నుంచి తీసి సిరలోకే పంపుతారు. గొట్టాల లోపల ప్రత్యేకమైన పూత ఉండటం వల్ల, నిమిషానికి నాలుగైదు లీటర్ల చొప్పున రక్తం పారుతూ ఉండటం వల్ల, హెపారిన్ లేకుండానే కొన్ని రోజులు నడిపిన రోగులు చాలామంది ఉన్నారు. ఆక్సిజనేటర్‌లో (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగంలో) గడ్డ కడితే దాన్ని మార్చుకోవచ్చు, నలిగిన మెదడును మార్చలేము. కాబట్టి మీ డాక్టర్ల నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. అయితే హెపారిన్ ఆపినంత మాత్రాన రక్తస్రావ భయం పూర్తిగా పోదు. పంపు తిరిగే ఒత్తిడికి రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ దెబ్బతింటుంది, ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతాయి. అందుకే ఆపరేషన్‌కు ముందు ప్లేట్‌లెట్లను సాధారణంగా లక్షకు పైన ఉండేలా ఎక్కించి, గడ్డకట్టడానికి కావలసిన మరో ప్రొటీన్ ఫైబ్రినోజన్ తగినంత ఉందో లేదో చూసుకుంటారు.

జవాబు 2 (పెర్ఫ్యూజనిస్టును, అంటే ఎక్మో యంత్రాన్ని నడిపే నిపుణుడిని):
మెడ సిరలో పెద్ద గొట్టం ఉంటే తల నుంచి రక్తం దిగడానికి అడ్డు కావచ్చు, దానితో మెదడులో ఒత్తిడి పెరగవచ్చు. గొట్టాలు ఎక్కడ పెట్టారో అడగండి. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రంతో ఒక్కసారిగా దించితే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి మేము మెల్లగానే దించుతాము.

జవాబు 3:
ధైర్యంగా ఉండండి. 1971లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ఇలాంటి యంత్రం మీద 75 గంటలు ఉండి బతికి బయటపడిన 24 ఏళ్ల యువకుడు కూడా ప్రమాదంలో గాయపడినవాడే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. గొట్టాల సంగతి అడిగాను, రెండూ తొడల సిరల గుండానే పెట్టామన్నారు. సంతకం చేశాను, ఇప్పుడే తమ్ముడిని థియేటర్‌లోకి తీసుకువెళ్లారు.