పాత ఫోన్ డేటా కొత్తదానిలోకి: షాపులో ఇచ్చేయాలా, ఇంట్లోనే మార్చుకోవాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
నాన్నకి కొత్త ఫోన్ కొన్నాం. రెండూ ఆండ్రాయిడ్‌వే, కంపెనీలు వేరు. పాతది 64 జీబీ, దాదాపు నిండిపోయింది. పట్టాదారు పాస్‌బుక్ ఫొటోలు, డాక్టర్ చీటీలు, దుబాయ్ నుంచి మా అన్నయ్య పంపిన వాయిస్ మెసేజ్‌లు, పెన్షన్ పడినట్టు వచ్చిన మెసేజ్‌లు, ఫోన్‌పే, అన్నీ అందులోనే. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక షాపులో అడిగితే 300 అవుతుంది, రెండు ఫోన్లూ లాక్ పిన్నూ ఇచ్చి వెళ్లండి, సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి అన్నారు. "ఇచ్చేద్దాం, తెలిసినవాళ్లే కదా" అని నాన్న. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

మూడు లాంతర్లు (విజయనగరం):
ఇవ్వకండి. షాపువాళ్లు దొంగలని కాదు. మీ నాన్నగారి ఫోన్‌లో ఏమేం ఉన్నాయో ఆయనకే పూర్తిగా తెలియదు, అందుకు.

ఒక్కసారి గ్యాలరీ తెరిచి చూడండి. ఏటీఎం కార్డు ఫొటో ఉంటుంది, ఎప్పుడో ఎవరో అడిగితే తీసి పంపింది. ఆధార్ ఫొటో ఎలాగూ ఉంటుంది. యూపీఐ పిన్ మర్చిపోయామంటే కొత్తది పెట్టుకోవడానికి అడిగేది డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ. కార్డు ఫొటో ఆ ఫోన్‌లోనే, ఓటీపీ వచ్చే సిమ్ ఆ ఫోన్‌లోనే, లాక్ పిన్ మీరే రాసిచ్చారు. ఇంక మిగిలిందేమిటి? ఫోన్‌పే, గూగుల్ పేలకి పెట్టుకునే యాప్ లాక్ కూడా సాధారణంగా ఆ స్క్రీన్ లాకే. బీరువా బాగుచేయడానికి వచ్చినవాడికి తాళాల గుత్తి ఇచ్చి మనం బజారుకి వెళ్లిపోతామా?

కేబుల్ పెట్టి ఇంట్లో చేసుకోండి. కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేయగానే పాతదాని నుంచి డేటా తెచ్చుకుంటారా అని అదే అడుగుతుంది.

టెక్కలి మొబైల్స్ కుర్రాడు:
షాపువాడిని మాట్లాడుతున్నాను, కాస్త మా మాట కూడా వినండి. (షాపు పేరు అది కాదు, వెతక్కండి.)

అన్నా, మీరు చెప్పినదాంట్లో ఒకటి వదిలేశారు. యూపీఐ పిన్ మార్చాలంటే చాలా బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతున్నాయి. అది మీ నాన్నగారు కార్డు కవరు మీద రాసుకుని దాన్నీ ఫొటో తీసి ఉంటే నేనేం చెప్పలేను.

అసలు సంగతి ఏమిటంటే, మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది ఇంట్లో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్లే. కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరవగానే పాత చాట్‌లు తేవాలా అని అడుగుతుంది, తొందరలో 'స్కిప్' నొక్కేస్తారు. తర్వాత రెండు రోజులు కొత్తగా వాడతారు. అప్పుడు వచ్చి పాత చాట్‌లు కావాలంటారు. వాటి కోసం వాట్సాప్ తీసేసి మళ్లీ వేయాలి, ఈ రెండు రోజులవి వదులుకోవాలి. ఛార్జింగ్ పిన్ అరిగిపోయిన ఫోన్‌కి కేబుల్ పెడితే ఐదు నిమిషాలకోసారి కట్ అవుతుంది. టచ్ పోయిన ఫోన్లు వస్తాయి, ఓటీజీ (ఫోన్‌కి మౌస్ లాంటివి తగిలించే చిన్న అడాప్టర్) పెట్టి కంప్యూటర్ మౌస్‌తో లాక్ తీస్తాం. ఇవన్నీ ఇంట్లో అవుతాయా? 300 ఆ టైముకే తీసుకుంటాం.

పిన్ చెప్పమని నేను ఎవరినీ అడగను. కూర్చోండి, అడిగినప్పుడల్లా మీరే కొట్టండి.

మూడు లాంతర్లు:
తమ్ముడూ, నువ్వు మంచివాడివే, ఒప్పుకుంటా. కానీ యాభై జీబీ వెళ్లడానికి గంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. తక్కువ ధర ఫోన్లలో యూఎస్‌బీ పాతరకం వేగమే. అంతసేపు ఏ పెద్దాయన మీ స్టూలు మీద కూర్చుంటాడు? "టీ తాగి వస్తాను బాబూ" అని వెళ్లిపోతాడు. అప్పటికి లాక్ తీసే ఉంటుంది.

ఇంకో ప్రశ్న. నువ్వు ఫోన్ నుంచి ఫోన్‌కే పంపుతావా, ముందు మీ కంప్యూటర్‌లోకి దించి అక్కణ్నుంచి ఎక్కిస్తావా? రెండోదైతే ఆ కాపీ ఎప్పుడు తీసేస్తావు? దీనికి జవాబు చెప్పే షాపు నాకింతవరకు కనబడలేదు.

టెక్కలి మొబైల్స్ కుర్రాడు:
ఫోన్ బాగుంటే ఫోన్ నుంచి ఫోన్‌కే. డిస్‌ప్లే పూర్తిగా పోయినవాటికి మాత్రం సిస్టమ్‌లోకి దించక తప్పని సందర్భాలు ఉన్నాయి. కస్టమర్ ముందే డిలీట్ చేస్తాను. అందరూ చేస్తారా అంటే, పక్క షాపు గురించి నేను హామీ ఇవ్వలేను.

సోంపేట జీడిచెట్టు:
ఏటి బావూ, ఇద్దరూ కేబుల్ పట్టుకునే కొట్టుకుంటున్నారు. క్లౌడ్ (ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు) ఉండగా ఈ గొడవ ఎందుకు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చిన్నాన్న ఫోన్ నీళ్లలో పోయింది. పాత ఫోనే లేనివాడు కేబుల్ ఎక్కడ పెడతాడు? కొత్తది కొని గూగుల్‌లో లాగిన్ అవగానే కొబ్బరి తోట ఫొటోలు, నంబర్లు వచ్చేశాయి. ఉద్దానంలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే: ఫోన్ మార్చే రోజు కోసం ఆగకండి, బ్యాకప్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. షాపూ అక్కర్లేదు, అబ్బాయీ అక్కర్లేదు.

మూడు లాంతర్లు:
2018లో గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని పెట్టినా ఉచితం, అందుకే మీ చిన్నాన్నకి పనిచేసింది. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కేవన్నీ 15 జీబీ లెక్కలోకే వస్తున్నాయి. ఆ పదిహేనులోనే జీమెయిల్, డ్రైవ్. 2024 నుంచి ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా దానిలోనే. అడిగినాయన ఫోన్ 64 జీబీ, దాదాపు నిండు. పైగా ఇంట్లో వైఫై లేక రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద నడిచేవాళ్లు యాభై జీబీ ఎక్కించాలంటే, ఇంకేమీ చూడకుండా ఉన్నా 34 రోజులు.

సోంపేట జీడిచెట్టు:
అన్నీ ఎందుకు ఎక్కించాలి? నంబర్లు, ముఖ్యమైన ఫొటోలు, కాగితాలు. అవి ఐదు జీబీ కూడా ఉండవు.

బొబ్బిలి కోడలు:
ఈ మాట కోసమే చూస్తున్నాను. మగవాళ్లు "మొత్తం ఎలా మార్చాలి" అని కొట్టుకుంటారు, అందులో సగం చెత్త అని ఎవరూ అనరు. మా మామయ్యగారి ఫోన్‌లో ఒకే సిరిమానోత్సవం వీడియో ఎన్ని గ్రూపుల నుంచి వచ్చిందో అన్ని కాపీలు ఉంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గరికి వెళ్తే ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది. ముందు అవి తీసేయండి. అప్పుడు గంట పని పావుగంటకి వస్తుంది, షాపూ అక్కర్లేదు.

షాపు సంగతికొస్తే, నా ఫోన్ నేను ఎప్పుడూ ఇవ్వను. కార్డు ఫొటోల వల్ల కాదు. అందులో నా ఫొటోలు, మా అక్కచెల్లెళ్ల మాటలు ఉంటాయి, అవి ఎవరూ చూడకూడదు. షాపులోనే కాదు, ఇంట్లో మరిది మార్చిపెడతానన్నా ఇవ్వను. ఆడవాళ్లకి "ఇంట్లో చేసుకో" అంటే ఇంట్లో మగవాళ్లకి ఇచ్చెయ్ అనే అర్థం చాలాసార్లు. అందుకే నేర్చుకున్నాను.

వాట్సాప్‌కి క్లౌడ్ కూడా అక్కర్లేదు. 2023 నుంచి ఫోన్ నుంచి ఫోన్‌కి నేరుగా పంపే పద్ధతి వచ్చింది. పాత ఫోన్‌లో సెట్టింగ్స్, చాట్స్, అందులో ట్రాన్స్‌ఫర్ చాట్స్. కొత్తదానిలో వాట్సాప్ వేసి అదే నంబరుతో లాగిన్ అయితే పాత ఫోన్ నుంచి తేవాలా అని అడిగి క్యూఆర్ కోడ్ చూపిస్తుంది, దాన్ని పాతదానితో స్కాన్ చేయాలి. రెండింటిలో వైఫై, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. డేటా ప్యాక్ ఖర్చవదు, గూగుల్ 15 జీబీ అంటుకోదు. పని పూర్తయ్యేవరకు పాతదాంట్లో వాట్సాప్ తీసేయకండి, అంతే. దుబాయ్ అన్నయ్యగారి వాయిస్ మెసేజ్‌లు దీనితోనే వస్తాయి.

బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేసే) పాస్‌వర్డ్ ఎప్పుడైనా పెట్టి ఉంటే మాత్రం గుర్తు తెచ్చుకోండి. అది పోతే ఆ బ్యాకప్‌ని వాట్సాప్‌వాళ్లు కూడా తెరవలేరు. ఇలా నేరుగా పంపుకుంటే ఆ టెన్షనే ఉండదు.

నరసన్నపేట మాస్టారు:
నాయనా నాగావళీ, అందరూ ఫోన్ గురించి చెబుతున్నారు. నేను మీ నాన్నగారి వయసువాణ్ని కాబట్టి ఆయన తరఫున ఒక మాట. ఆయన షాపులో ఇద్దామన్నది షాపు మీద నమ్మకంతో అనుకుంటున్నావా? నువ్వు పక్కన కూర్చుని "అది కాదు నాన్నా, అది నొక్కకు, చెప్పానా" అంటావని. షాపులో కుర్రాడు విసుక్కోడు, 300 తీసుకున్నాడు కాబట్టి.

ఇంకోటి కూడా ఉంది. ఆయన ఫోన్‌లో ఆయన సొంత సంగతులు ఉంటాయి. ఎవరికి ఎంత అప్పిచ్చాడో, ఏ స్నేహితుడితో ఏం మాట్లాడాడో. కొడుకు చూడటంకంటే పరాయివాడు చూడటమే నయమని మాకు అనిపిస్తుంది, నవ్వుకున్నా సరే. ఫోన్ రెండూ ఆయన చేతిలో పెట్టి, పిన్ ఆయన్నే కొట్టమని, నువ్వు ఎదురుగా కూర్చుని నోటితో మాత్రమే చెప్పు. అది నీవల్ల కాకపోతే షాపే మేలు.

మూడు లాంతర్లు:
మాస్టారూ, మీ మాట కాదనలేను. షాపు మేలనేది మాత్రం ఒప్పుకోను.

టెక్కలి మొబైల్స్ కుర్రాడు:
మాస్టారు నా కడుపు నింపారు. ఇక మీరు ఇంట్లోనే చేసుకోండి, కానీ చేతులు కాలేవి ఎక్కడో చెబుతాను. 300 అడగను.

ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు ఏ కేబుల్‌తోనూ లాగిన్‌తో సహా రావు. యాప్ వస్తుంది, లోపల ఖాళీ. ఖాతా ఉన్న సిమ్ కొత్త ఫోన్‌లో వేశాక ఆ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ దానంతటదే వెళ్లాలి, అప్పుడే బ్యాంకు గుర్తుపడుతుంది. పెద్దవాళ్ల సిమ్‌కి రీఛార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ మాత్రమే నడుస్తూ ఉంటుంది. ఎస్ఎంఎస్ వెళ్లదు, వెరిఫికేషన్ ఫెయిల్ అంటుంది, ఫోన్ పాడైందని మా మీదకి వస్తారు. ముందు రీఛార్జ్ చేయించండి. ఫోన్ మార్చిన మొదటి రోజు పంపే డబ్బుకి తక్కువ పరిమితి ఉంటుంది, ఆ రోజు పెద్ద మొత్తాలు పెట్టుకోకండి.

నంబర్లు ఎక్కడ సేవ్ అయ్యాయో చూడండి. గూగుల్‌లో ఉన్నవి వాటంతటవే వస్తాయి. 'ఫోన్' అని, 'సిమ్' అని ఉన్నవాటిని ముందు గూగుల్‌లోకి మార్చుకోవాలి. కాల్ రికార్డింగులు ఉంటే వాటి ఫోల్డర్ విడిగా కాపీ చేసుకోండి, కంపెనీలు వేరైతే ఇవే ఎక్కువగా మిగిలిపోతాయి.

ఆన్‌లైన్‌లో ఎక్స్‌ఛేంజ్ పెట్టి కొనేవాళ్లది మరీ ఘోరం. కొత్తది తెచ్చినవాడు గుమ్మంలోనే పాతది అడుగుతాడు. కేబుల్ పెట్టే టైమే ఉండదు. వాళ్లకి సోంపేట అన్న చెప్పిన క్లౌడే గతి.

సోంపేట జీడిచెట్టు:
అదీ!

బొబ్బిలి కోడలు:
ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చినా, అమ్మినా రీసెట్ కంటే ముందు సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేయాలి. లేకపోతే రీసెట్ అయ్యాక కూడా పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చోవచ్చు. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది కాబట్టి రీసెట్ చేస్తే పాత ఫొటోలు బయటికి తీయడం జరిగేపని కాదు. మెమరీ కార్డు మాత్రం మర్చిపోకుండా బయటికి లాగండి. దానికి ఈ రక్షణ మామూలుగా ఉండదు.

నాగావళి గట్టు:
నాన్నకి మాస్టారి మెసేజ్ చదివి వినిపించాను. చాలాసేపు నవ్వి, ఇంట్లోనే చేద్దాం, కానీ ఫోన్ నేను ముట్టుకోకూడదు అన్నారు. ఎక్స్‌ఛేంజ్ ఏమీ లేదు, పాతది ఇంట్లోనే ఉంటుంది. సిమ్ రీఛార్జ్ చూశాను, నిజంగానే అయిపోయి ఉంది. రెండు ఫోన్లకీ టైప్-సి పోర్టే. డబ్బాలో వచ్చిన కేబుల్‌కి ఒకవైపు మాత్రం పెద్ద యూఎస్‌బీ ఉంది. దానితో అవుతుందా?

టెక్కలి మొబైల్స్ కుర్రాడు:
అది ఒక్కటే ఉంటే అవదు, పెద్ద వైపుకి ఓటీజీ అడాప్టర్ తగిలించాలి. లేదా రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ కొనండి. కొనేటప్పుడు డేటా వెళ్తుందా అని అడగండి, ఛార్జింగ్ మాత్రమే అయ్యేవి కూడా అదే రేటుకి అంటగడతారు.