ఉస్మానియాలో వారసత్వ నడక: అందరూ కలిసి నడవాలంటే ఏర్పాట్లు ఎలా?

ఫస్టియర్_కమిటీ అడిగారు:
అన్నలకూ అక్కలకూ నమస్తే. కొత్తగా చేరిన పీజీ విద్యార్థులకు క్యాంపస్ చరిత్ర చూపిద్దామని ఒక నడక పెడుతున్నాం. అరవై మంది వస్తారు. వాళ్లలో ఇద్దరు చక్రాల కుర్చీలో ఉంటారు, ముగ్గురికి వినపడదు, ఒకరికి చూపు లేదు. సగం మంది తెలుగు మీడియం, కొందరు ఉర్దూ మీడియం. ఆర్ట్స్ కాలేజీ దగ్గర మొదలుపెట్టి గంటన్నరలో ముగించాలి. ముందుగా ఏం చూసుకోవాలి? చరిత్రలో ఏవి చెప్పాలి?

రాళ్లబాట:
ముందు దారి సంగతి చూడండి, ఉపన్యాసం తర్వాత. టేపు పట్టుకుని ప్రతి గడపా, ప్రతి మెట్టూ కొలవండి. ర్యాంపు వాలుకు లెక్క 1:12. అంటే 15 సెంటీమీటర్ల మెట్టు ఒక్కటైతే 1.8 మీటర్ల ర్యాంపు చాలు, మూడైతే 5.4 మీటర్లు కావాలి. ఒకటి రెండు మెట్లకు మడత ర్యాంపు అద్దెకు తెచ్చుకోవచ్చు గానీ ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్లకు అది కుదిరే పని కాదు. మెట్లు లేకుండా లోపలికి పోయే దారి ఏదో ఆఫీసులో కనుక్కుని, ఆ రోజు తాళం తీసి ఉంచమని కాగితం రాసివ్వండి. తాళంచెవి ఉన్న మనిషి సెలవు పెట్టడంతోనే ఇలాంటివి చెడిపోతాయి. ఆ దారినే అరవై మందీ వెళ్లాలి. ఇద్దరిని పక్కనుంచి పంపించి మిగతావాళ్లు ముందు మెట్ల మీద ఫొటోలు దిగుతుంటే ఇక కలిసి నడిచిందెక్కడ?

"నలుగురం పట్టి లేపేస్తాం" అనే మాట అసలు రానివ్వకండి. చాలా కుర్చీలకు చేతిపట్టీలు, కాళ్ల పలకలు ఊడివచ్చేలా ఉంటాయి. లేపేటప్పుడు వాటినే పట్టుకుంటారు. మోటారు కుర్చీ అయితే మనిషి బరువు కాకుండానే 80 కిలోలు దాటొచ్చు.

ఇరవై మంది చొప్పున మూడు గుంపులు చేసి, ఇరవై నిమిషాల తేడాతో బయల్దేరదీయండి. ఒక్కో గుంపుకు గంటన్నర అయితే మొత్తం రెండు గంటల పది నిమిషాలు. హాస్టల్ భోజనం వేళ చూసుకుని దానికి తగ్గట్టు మొదలుపెట్టండి.

చేతిమాట:
వినపడని ముగ్గురికీ సైగభాష వచ్చా, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారా, రాసి చూపిస్తే చాలా అన్నది వాళ్లనే అడగండి. సైగభాషే అయితే ఒకే గుంపులో ఉంటారేమో కనుక్కోండి. అప్పుడు ఇంటర్‌ప్రెటర్లు ఇద్దరు సరిపోతారు, ఇరవై నిమిషాలకొకసారి మారుతూ. ఒక్కరితో గంటన్నర లాగిస్తే చివరి అరగంట సగం మాటలు జారిపోతాయి. ఇంటర్‌ప్రెటర్ వీపు సూర్యుడి వైపు ఉండకూడదు, చేతులు నీడలా కనిపిస్తాయి.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. చేతులు చూస్తూ కమాను చూడలేరు. చెప్పడం ఆపి, చూపించి, పది సెకన్లు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టాలి. చూపు లేనివాళ్లకు "అదిగో అక్కడ" అనడం దండగ. గ్రానైట్ మీద, స్తంభం చెక్కడం మీద చెయ్యి వేయనివ్వండి.

అడిక్‌మెట్:
కథ యూనివర్సిటీ పుట్టిన 1918 దగ్గర మొదలుపెట్టకండి. ఈ నేల మొదట ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు. అక్కడ మొదలుపెడితే నిజాం కాలానికి రావడం తేలిక. 1917లో యూనివర్సిటీ కావాలని నిజాం ప్రభుత్వ అధికారి అక్బర్ హైదరీ పెట్టిన అర్జీ, ఉర్దూ మాధ్యమం, పాఠ్యపుస్తకాల కోసం పెట్టిన దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ. ఆర్ట్స్ కాలేజీ భవనం బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ పని. శంకుస్థాపన 1934లో, ప్రారంభం 1939లో. కమానులు ఇస్లామీ పద్ధతివి, స్తంభాలు గుడి స్తంభాలను గుర్తుకు తెస్తాయి. ఇక్కడ కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి, భవనమే సగం చరిత్ర చెప్పేస్తుంది.

వేడుక కదా అని 1938 వందేమాతరం ఉద్యమాన్ని దాటేయొద్దు. పాడినందుకు బహిష్కరణకు గురైన విద్యార్థుల్లో చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. 1969, 2009 తెలంగాణ ఉద్యమాలకు చెరో రెండు నిమిషాలు చాలు, అవి చాలామందికి తెలిసినవే. ఎవరు గొప్ప అనే వాదన నడకలో తెగేది కాదు, సంవత్సరం చెప్పి జరిగింది చెప్పి ముందుకు సాగండి.

ఫస్టియర్_కమిటీ:
ధన్యవాదాలు. ఒకే ఫలకం మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ పెట్టొచ్చా?

వత్తుపొల్లు:
పెట్టొచ్చు. ఉర్దూ కుడివైపు, తెలుగు ఎడమవైపు, ఇంగ్లీషు కింద. ఒక్కో భాషలో అరవై మాటలు మించితే ఎవరూ నిలబడి చదవరు. మీటరు దూరానికి తలకట్టు నుంచి అక్షరం అడుగు దాకా ఒక సెంటీమీటరు ఉంచండి, వత్తులు దానికి అదనం. పంక్తుల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తగులుతుంది.

ఫలకం మీద క్యూఆర్ కోడ్ పెడితే, డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో కొట్టించిన మ్యాటర్‌నే అది తెరిచే పేజీలో అతికించకండి. అది యూనికోడ్ కాదు కాబట్టి, చూపు లేనివాళ్లకు ఫోన్‌లో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పిచ్చి అక్షరాలు చదువుతుంది. కన్వర్టర్‌లో మార్చాక పొల్లులూ వత్తులూ ఒకసారి కళ్లతో సరిచూడాలి. క్యూఆర్ కోడ్‌ను మీటరు దూరం నుంచి స్కాన్ చేయాలంటే పది సెంటీమీటర్ల వెడల్పు, చుట్టూ తెల్లటి అంచు ఉండాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఉర్దూ అక్షరాలు విడివిడిగా, వెనక నుంచి ముందుకు తిరగబడిన వరుసలో పడతాయి. ఆ లిపి రానివాళ్లకు తేడా కనిపించదు కాబట్టి, ప్రింట్‌కు పంపేముందు ఉర్దూ మీడియం పిల్లలెవరైనా ప్రూఫ్ చదవాల్సిందే.