బాంజోకి తల్లి అకాంటింగేనా?

సొరబుర్ర:
అమెరికా జానపద సంగీతంలో వినిపించే తీగవాయిద్యం బాంజో మూలం ఆఫ్రికాలోనే ఉందనడంలో ఇప్పుడు పెద్దగా గొడవ లేదు. అక్కడి ఏ వాయిద్యం నుంచి వచ్చిందన్న దగ్గరే పేచీ. నా ఓటు సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా జాతివాళ్ల అకాంటింగ్‌కే. సొరకాయ బుర్ర, మీద మేకతోలు, పొడుగాటి కర్ర, మూడు తీగలు. వాటిలో ఒకటి పొట్టిది, బొటనవేలి కోసం. నేను ఏడాదిగా బాంజో నేర్చుకుంటున్నాను. మొదటి క్లాసులో చెప్పింది ఒక్కటే: వేలి గోటితో తీగను కిందికి కొట్టు, వెంటనే బొటనవేలితో పొట్టి తీగ మీటు. తర్వాత గాంబియాకు చెందిన డేనియల్ జాటా అకాంటింగ్ వాయించే వీడియో చూశాను. చెయ్యి అచ్చం అలాగే ఆడుతోంది! ఒళ్లు జలదరించింది.

బిరడా:
చెయ్యి సరేనండీ, మెడ చూడండి. అకాంటింగ్‌ది గుండ్రటి కర్ర. తీగల్ని దానికి ముడేసి, ఆ ముళ్లను జరిపి శ్రుతి చేస్తారు. 1687లో జమైకా వెళ్లిన వైద్యుడు హాన్స్ స్లోన్ అక్కడి బానిసల వాయిద్యాల బొమ్మను 1707లో అచ్చువేయించాడు. వాటి బుర్ర సొరకాయదే గానీ, ఒకదానికి మెడ బల్లపరుపుగా ఉంది, తీగల్ని తిప్పి బిగించే బిరడాలూ ఉన్నాయి. అవి యూరప్ గిటార్ల పోలికలు. కాబట్టి బాంజో పుట్టింది కరీబియన్ దీవుల్లోనే అంటాను. పైగా పొట్టి తీగ మాలీలో వంశపారంపర్యంగా పాడే గ్రియోల వాయిద్యం ఎన్‌గోనికీ ఉంటుంది. అకాంటింగ్ ఒక్కదానికే పట్టం ఎందుకు?

కృష్ణాతీరం:
ఆ పొట్టి తీగ అమెరికాలోని వర్జీనియాకు చెందిన బాంజో వాద్యకారుడు జోయెల్ స్వీనీ పెట్టిందని చదివానే?

సొరబుర్ర:
కాదండీ. స్వీనీ పుట్టింది 1810లో. అంతకు ముందే, 1780ల నాటి, సౌత్ కరోలినాలో బానిసలు పనిచేసే తోటను చూపే చిత్రంలో నాలుగు తీగల బాంజో ఉంది. మూడు పొడుగు, ఒకటి పొట్టి.

బిరడా గారూ, మెడ విషయం ఒప్పుకుంటున్నాను. కానీ అదే మెడ ఎన్‌గోనికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. ఎన్‌గోని కర్ర డొక్క లోపలే ఆగిపోతుంది. అకాంటింగ్‌లో, పాత సొరకాయ బాంజోల్లో బుర్రను దూసుకుని అవతలి కొసకు వస్తుంది.

బిరడా:
ఈ పాయింటు గట్టిది. అయితే జోలాల పక్కనే మాంజాక్ వాళ్లకు బుచుందు ఉంది. అదీ సొరకాయే, మూడు తీగలే. ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో కుక్కి తెచ్చింది ఒక్క జాతి మనుషుల్ని కాదు కదండీ.

సొరబుర్ర:
నిజమే. 'తల్లి' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఇంటి పిల్ల అంటాను. ఆ చేతివాటం మాత్రం ఓడ దిగాక నేర్చుకున్నదంటే ఒప్పుకోను.