పెద్దవాళ్ల తిండి జ్ఞాపకాలు రికార్డ్ చేయడం, మీరెలా చేస్తున్నారు?

గోరువెచ్చన: మా అమ్మమ్మ తిండి కబుర్లు ఆవిడ గొంతులోనే దాచుకోవాలనుంది. ఫోన్ చాలా, రికార్డర్ కొనాలా? ఏం అడగాలి? మైకు చూస్తే ఆవిడకి మాట పెగలదు.

కప్పుకాఫీ: దయచేసి రెసిపీ అడక్కండి, అడిగితే కొలతలు చెప్పి ఊరుకుంటారు. ఇంట్లో ముందు ఎవరు తినేవాళ్లు, ఆఖర్న ఎవరు, గిన్నెలో మిగలకపోతే ఏం చేసేవాళ్లు, ఇవి అడగండి. మా పెద్దమ్మ ఇక్కడే ఆగిపోయి "అడుగున గోకింది నాకు" అంది, ఇన్నేళ్లూ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

శబ్దవేధి: ఫోన్ చాలు, సెట్టింగే ముఖ్యం. సౌండ్‌ని కుదించకుండా దాచే వేవ్ ఫైల్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే ఛానెల్) అయితే గంటకి దాదాపు 520 ఎంబీ. సైజు తగ్గించే ఎంపీ3లో పోయిన సౌండ్ తర్వాత వేవ్‌లోకి మార్చినా తిరిగి రాదు. వంటగదిలో మాత్రం వద్దు, ఫ్రిజ్ హోరు మాట కింద పరుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఆడియో ఎడిటింగ్ చేస్తున్నవాణ్ణి, నా మాట వినండి.

కప్పుకాఫీ: వంటగదిలో వద్దా?? చేతిలో గరిటె లేకపోతే మావాళ్లకి సగం గుర్తే రాదండీ. నూనె కాగే చప్పుడు కూడా కథలో భాగమే.

శబ్దవేధి: మాట వినపడకపోతే గుర్తొచ్చి ఏం లాభం? రేపు మీ మనవలు విని ఏం అర్థం చేసుకుంటారు?

కప్పుకాఫీ: మీకు సౌండ్ కావాలి, నాకు మనిషి కావాలి, అంతే తేడా.

నీలిసిరా: ఇద్దరూ కాస్త ఆగండి, ఫ్రిజ్ ఆపేసి వంటగదిలోనే తియ్యొచ్చుగా. అసలు పర్మిషన్ గురించి ఒక్కరూ మాట్లాడరేంటి? మా బంధువొకరు ఇంట్లో పెద్దావిడ మాటల క్లిప్పు ఆవిణ్ణి అడక్కుండా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు, అందులో అత్తగారు అన్నం దగ్గర పెట్టిన బాధ ఉంది, ఆ తర్వాత ఆవిడ మళ్లీ నోరు విప్పలేదు. ఎవరు వినొచ్చో, ఏది తీసెయ్యాలో ముందే అడిగి రాసుకోండి.

పాతడైరీ: పెద్దవాళ్లు చెప్పే సంవత్సరాలు నమ్మకండి, సగం తప్పులే. కాగితాలతో సరిచూడనిది చరిత్ర ఎలా అవుతుంది?

నీలిసిరా: ఇదే వద్దనేది! ఇటలీలోని టెర్నీలో 1949లో పోలీసుల చేతిలో ఒక కార్మికుడు చనిపోతే చాలామంది అది 1953లో జరిగిందన్నారు. జనం నోటి జ్ఞాపకాలతో చరిత్ర రాసే అలెస్సాండ్రో పోర్టెల్లీ ఆ తప్పునే పట్టుకుని, 1953లో వేలమంది ఉద్యోగాలు పోయిన దెబ్బకి ఈ చావు జ్ఞాపకం ముడిపడిపోయిందని చూపించాడు. సరిచూడండి కానీ మధ్యలో ఆపి దిద్దకండి.

పాతడైరీ: దిద్దమని నేనెక్కడన్నాను? మళ్లీ చదవండి.

ఉప్పుకారం: టైపు చేసిపెట్టే యాప్ ఏదైనా ఉందా? మావాళ్ల యాస ఏ యాప్‌కీ ఎక్కట్లేదు.

గోరువెచ్చన: మైకు భయం గురించి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కప్పుకాఫీ: రికార్డవుతోందని చెప్పేసి, ఫోన్ బోర్లించి మైకున్న అంచు ఆవిడ వైపు పెట్టండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ మర్చిపోకండి. తరగడానికి ఏదో ఒకటి చేతికివ్వండి, కాసేపటికి ఫోన్ సంగతే మర్చిపోతారు.

శబ్దవేధి: తరిగే పీట మీద మాత్రం ఫోన్ పెట్టొద్దు.